నకలు సైట్‌కు నోటీసు పంపే ముందు: ఒక లోగో, ఒక వెబ్‌సైట్, ఎవరి పేరున ఉన్నాయో తేలని హక్కులు

ఈ కేసు స్టడీలోని వ్యాపారం ఏ ఒక్కరిదీ కాదు. ఇలాంటి ఫైళ్లలో తరచుగా కనిపించే చిక్కులన్నిటినీ ఒకే వ్యాపారం మీద పెట్టి రాశాం. చట్టాలు, గడువులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

ప్రయాణపు సంచులు, ల్యాప్‌టాప్ సంచులు కుట్టించి సొంత వెబ్‌సైట్‌లో అమ్మే వ్యాపారం. పాత సంచులకు మరమ్మతు కూడా చేస్తారు. నాలుగేళ్లుగా ఒకే పేరు, ఒకే లోగో: రెక్కలు చాపిన పక్షి, దాని కింద పేరు. ట్రేడ్‌మార్క్ కోసం ఎప్పుడూ దరఖాస్తు చేయలేదు. సైట్ అడుగున "సర్వ హక్కులు మావే" అన్న వాక్యం ఒక్కటే రక్షణ.

ఒకరోజు కొత్త సైట్ ఒకటి కనిపించింది. డొమైన్ పేరులో ఒక అడ్డగీత తప్ప తేడా లేదు. ఫొటోలు అవే, వస్తువుల వర్ణనలు అవే, వాపసు నిబంధనల పేజీ కూడా అదే. పక్షి మాత్రం కుడివైపు కాకుండా ఎడమవైపు చూస్తోంది. అక్కడ డబ్బు కట్టి సరుకు అందని కొనుగోలుదారులు అసలు వ్యాపారానికి ఫిర్యాదులు పంపడం మొదలుపెట్టారు. యజమాని కోరిక ఒక్కటే: లోగో దొంగిలించారు, వెంటనే లీగల్ నోటీసు పంపాలి.

నోటీసు వెంటనే వెళ్లలేదు, వెళ్లకపోవడమే సరైంది. యజమానికి ఎక్కువ కోపం తెప్పించింది లోగో. హక్కు అన్నిటికన్నా బలహీనంగా ఉన్నదీ దాని మీదే. ఆ సంగతి కాగితాలు తిరగేశాకే బయటపడింది.

మొదటి పని: సాక్ష్యం

ఆగకుండా చేయాల్సిన పని ఇదొక్కటే. అవతలివాళ్లకు అనుమానం వస్తే సైట్ ఒక్క రాత్రిలో మారిపోతుంది. మామూలు స్క్రీన్‌షాట్ చాలదు. పేజీ పూర్తి చిరునామా, తేదీ, సమయం కనబడేలా పేజీ మొదటి నుంచి చివరి దాకా పట్టాలి. పేజీ సోర్స్‌ను, అంటే పేజీ వెనకున్న కోడ్‌ను, విడిగా దాచుకోవాలి. వెబ్ పేజీల పాత రూపాలను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీలను భద్రపరచమని అడగాలి. అసలు సైట్ పాత పేజీలు అందులో ఏ తేదీన ఉన్నాయో కూడా చూసి రాసుకోవాలి, ఎవరు ముందో తేల్చేది అదే. దాచిన ప్రతి ఫైలుకూ షా-256 హ్యాష్ విలువ తీసి ఒక పట్టికలో పెట్టాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య అది. భారతదేశంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడుగుతుంది. దాని నమూనాలో హ్యాష్ విలువకు చోటుంది. ముందే తీసి ఉంచితే తర్వాత వెతుకులాట ఉండదు.

అవతలి సైట్ నుంచి ఒక వస్తువు కొనిచూడటం కూడా సాక్ష్యమే. రసీదు మీద, డబ్బు చేరిన ఖాతా వివరాల్లో, పార్సెల్ వస్తే దాని మీద ఎవరి పేరుందో తెలుస్తుంది.

సోర్స్ చదివేటప్పుడు నకలు చేసినవాళ్లు తుడవడం మరిచిన గుర్తులు చూడాలి. ఈ కేసులో మూడు దొరికాయి. ఒక వర్ణనలో "జిప్పర్" అన్న మాటకు పడిన అక్షరదోషం అటూ ఇటూ ఒకే చోట ఉంది. అసలు సైట్ సందర్శకుల లెక్క కోసం పెట్టుకున్న ట్యాగ్ కూడా నకలు పేజీల్లోకి వెళ్లిపోయింది. దాంతో నకలు సైట్‌కు వచ్చినవాళ్ల సంఖ్య అసలు యజమాని ఖాతాలోనే, వేరే హోస్ట్ పేరు కింద, రోజువారీగా నమోదవుతూ వచ్చింది. నష్టం అంచనాకు ఇంతకన్నా మంచి ఆధారం అరుదు. మూడోది, కొన్ని ఫొటోలు నేరుగా అసలు సర్వర్ నుంచే లోడ్ అవుతున్నాయి. ఇది కనబడగానే ఆ ఫొటోల స్థానంలో హెచ్చరిక బొమ్మ పెట్టాలని సాంకేతిక సిబ్బందికి చేతులు దురదపెడతాయి. సర్వర్ లాగ్‌లు దాచే దాకా ఆ పని చేయకూడదు.

హక్కు ఎవరిది: పొర తర్వాత పొర

"వెబ్‌సైట్ మాది" అన్న మాటకు చట్టంలో అర్థం లేదు. సైట్ అంటే రాత, ఫొటోలు, బొమ్మలు, కోడ్, ఫాంట్లు, పేరు, డొమైన్. ఒక్కోదానికి ఒక్కో యజమాని ఉండొచ్చు. డబ్బు కట్టినంత మాత్రాన కాపీరైట్ చేతికి రాదు. జీతం మీద పనిచేసే ఉద్యోగి తన పనిలో భాగంగా చేసింది చాలా దేశాల్లో యజమానికే చెందుతుంది. బయటి ఫ్రీలాన్సర్ చేసింది మాత్రం, హక్కులను బదిలీ చేసే రాతపూర్వకమైన పత్రం (అసైన్‌మెంట్) లేకపోతే, సాధారణంగా చేసినవాళ్లదే. బ్రిటన్‌లో 1988 చట్టం చెప్పేది ఇదే. అమెరికాలో బయటివాళ్లతో చేయించిన పనిని చేయించుకున్నవాళ్లదిగా లెక్కగట్టాలంటే అది చట్టంలో రాసిన తొమ్మిది రకాల్లో ఒకటై ఉండాలి, పైగా సంతకాలతో ఒప్పందం ఉండాలి. లోగో ఆ తొమ్మిదిలోకి మామూలుగా రాదు. భారతదేశంలో డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే తొలి యజమాని. లోగోకు ఆ వెసులుబాటు ఉందని నమ్ముకుని కూర్చోవడం ప్రమాదం.

పరిశీలనలో తేలింది ఇది.

రాత చాలావరకు ఉద్యోగులు రాసిందే. గుడ్డ, జిప్ సాంకేతిక వివరాలు మాత్రం తయారీదారు కరపత్రం నుంచి దించుకున్నవి. ఫొటోల్లో దాదాపు సగం ఉద్యోగి తీసినవి, వాటి ముడి ఫైళ్లు కెమెరా వివరాలతో సహా ఉన్నాయి. మిగతా వాటిలో కొన్ని బయటి ఫొటోగ్రాఫర్‌వి, కొన్ని రెడీమేడ్ ఫొటోలు అమ్మే స్టాక్ సంస్థ నుంచి లైసెన్స్ తీసుకున్నవి. సైట్ రూపం ఒక రెడీమేడ్ థీమ్. అది ఎవరైనా వాడుకోవడానికి, పంచుకోవడానికి అనుమతించే జీపీఎల్ లైసెన్స్ కింద వచ్చింది కాబట్టి అదే థీమ్‌ను అవతలివాళ్లు వాడటం నేరం కాదు. "మా డిజైన్ మొత్తం ఎత్తేశారు" అన్న ఫిర్యాదులో పెద్ద భాగం ఇక్కడే పోయింది. థీమ్ సొంతమైనా సరే, పైన మెనూ, పక్కన వడపోత, మధ్యలో వస్తువులు అన్న అమరిక మీద కాపీరైట్ దక్కడం కష్టం. కాపీరైట్ వ్యక్తీకరణకే గానీ ఆలోచనకు, పద్ధతికి వర్తించదని, మేధోసంపత్తి హక్కుల మీది అంతర్జాతీయ ట్రిప్స్ ఒప్పందం తొమ్మిదో అధికరణంలోనే ఉంది.

డొమైన్ చూస్తే సైట్ కట్టిన డెవలపర్ పేరున, అతని ఈమెయిల్‌తో నమోదై ఉంది. ఇది ఎంత మామూలో అంత ప్రమాదం. డొమైన్ పేర్లు నమోదు చేసే రిజిస్ట్రార్ దృష్టిలో ఖాతాదారే యజమాని.

ఇక లోగో. ఫ్రీలాన్స్ డిజైనర్ చేసింది. చేతిలో ఉన్న కాగితం ఒక బిల్లు మాత్రమే, అందులో "లోగో డిజైన్, మూడు సవరణలతో" అని ఉంది. హక్కుల మాట లేదు. అసలు ఫైలు అడిగి తెప్పించి, బొమ్మను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెడితే అదే పక్షి డజన్ల కొద్దీ సైట్లలో కనిపించింది. డిజైనర్ దాన్ని ఒక స్టాక్ ఐకాన్ల కట్ట నుంచి తీసుకుని కింద పేరు జోడించాడు. అలాంటి లైసెన్సుల్లో చాలావాటిలో బొమ్మను ట్రేడ్‌మార్క్‌గా వాడకూడదన్న నిబంధన ఉంటుంది, ఇందులోనూ ఉంది. పక్షి బొమ్మ మా సృష్టి అని నోటీసులో రాసి ఉంటే అవతలి వకీలు అదే కట్ట లింకు తిప్పి పంపేవాడు. తక్కిన నిజమైన ఫిర్యాదుల విలువ కూడా దాంతోపాటే పోయేది.

ఆధారం లేని బెదిరింపు ఇంకో విధంగానూ తిరగబడుతుంది. భారత్‌లో కాపీరైట్, ట్రేడ్‌మార్క్ రెండింటి విషయంలో, బ్రిటన్‌లో ట్రేడ్‌మార్క్ వంటి వాటి విషయంలో అలాంటి బెదిరింపు అందుకున్నవాళ్లే కోర్టుకెళ్లి నష్టపరిహారం అడగొచ్చు. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ (ఆన్‌లైన్ కాపీలను నోటీసుతో తొలగింపజేసే దారి ఇచ్చే కాపీరైట్ చట్టం) కింద తప్పని తెలిసీ తొలగింపు నోటీసు పంపితే సెక్షన్ 512(ఎఫ్) కింద బాధ్యత పంపినవాళ్ల మీద పడుతుంది.

కాగితాలు సరిచేయడం

బయటి ఫొటోగ్రాఫర్ నుంచి, డెవలపర్ నుంచి, డిజైనర్ నుంచి మూడు వేర్వేరు అసైన్‌మెంట్లు. ఇక్కడ జరిగే తప్పులన్నీ ముసాయిదాలోనే ఉంటాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

"హక్కులన్నీ ఇస్తున్నాను" అని ఒక ఈమెయిల్ చాలా దేశాల్లో అసైన్‌మెంట్‌గా నిలబడదు. ఇచ్చేవాళ్ల సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. "ఇస్తాను" అన్న భవిష్యత్ మాట ఉంటే అది వాగ్దానం మాత్రమే, "ఇందుమూలంగా ఇస్తున్నాను" అని ఉండాలి. ఏయే పనులో ఫైలు పేర్లతో అనుబంధంలో జత చేయాలి. భారత కాపీరైట్ చట్టం సెక్షన్ 19 అయితే ఖాళీలను తానే నింపుతుంది, అదీ కొన్నవాళ్లకు నష్టం కలిగేలా: కాలం రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం అనుకుంటుంది, ఏడాదిలోపు ఆ హక్కు వాడుకోకపోతే, వేరేలా రాసుకుని ఉంటే తప్ప, బదిలీ రద్దయినట్టే భావిస్తుంది. వెబ్‌సైట్ అన్ని దేశాల్లోనూ కనబడుతుంది కాబట్టి "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం, వాడకపోయినా రద్దు కాకుండా" అన్న మూడూ అక్షరాలా ఉండాలి. జర్మనీలో రచయిత కాపీరైట్‌ను అసలు బదిలీ చేయడమే కుదరదు, వాడుకునే ప్రత్యేక హక్కులు మాత్రమే ఇవ్వగలరు. అందుకని బదిలీ చెల్లని చోట అదే పత్రం ప్రత్యేక లైసెన్స్‌గా పనిచేయాలని ఒక వాక్యం చేర్చాలి. రచయితగా పేరు ఉండే హక్కు, పనిని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు చాలాచోట్ల బదిలీ అయ్యాక కూడా రచయిత దగ్గరే ఉంటాయి. వదులుకోవడానికి ఒప్పుకునే దేశాల్లో ఆ మాటా రాయించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ఒకటుంది. నకలు ఇప్పటికే జరిగిపోయింది. సంతకం ఈరోజు పడుతోంది. సంతకానికి ముందు జరిగిన ఉల్లంఘనల మీద దావా వేసే హక్కు కూడా ఇస్తున్నానని విడిగా రాయకపోతే, చేతికొచ్చేది రేపటి హక్కు మాత్రమే అవుతుంది. దీన్ని తప్పించుకోవడానికి పాత తేదీ వేసి సంతకాలు పెట్టించే అలవాటు ఒకటుంది. అది దొంగపత్రం. నాలుగేళ్ల కింద నోటిమాటగా కుదిరిన ఒప్పందాన్ని ఇవాళ్టి తేదీతో ధ్రువీకరిస్తూ, జరిగిపోయిన ఉల్లంఘనల మీది హక్కునూ కలిపి రాస్తే నిజాయతీగానే పని జరుగుతుంది.

డిజైనర్ సంతకం పెట్టాడు, కానీ పక్షి అతనిది కాదు కాబట్టి ఆ సంతకంతో దక్కింది అక్షరాల అమరిక వరకే. లోగోను మళ్లీ గీయించక తప్పలేదు. ఈసారి ఒప్పందంలో బొమ్మ సొంతంగా గీసిందన్న హామీ, పెన్సిల్ గీతల నుంచి చివరి వెక్టర్ ఫైలు దాకా అన్ని దశలూ అప్పగించాలన్న షరతు, లోగోలో వాడే ఫాంట్‌కు వాణిజ్య లైసెన్స్ రుజువు చేరాయి. ఏఐ టూల్‌తో గీయిస్తే చవకే కదా అన్న ప్రశ్న వచ్చింది. ట్రేడ్‌మార్క్‌కు గీసింది ఎవరన్నది పట్టదు, వాడుకలో ప్రత్యేకత ఉంటే చాలు, నమోదు అవుతుంది. కాపీరైట్‌కు మాత్రం అమెరికాలో మనిషి రచయితగా ఉండాల్సిందేనని అక్కడి కాపీరైట్ కార్యాలయం చెబుతోంది, 2025లో థేలర్ కేసులో అప్పీలు కోర్టూ అదే చెప్పింది. అంటే ఏఐ లోగోను సరిగ్గా అలాగే దించి, సంబంధం లేని వ్యాపారంలో ఎవరైనా వాడితే ఆపడానికి కాపీరైట్ అక్కరకు రాకపోవచ్చు.

డొమైన్‌ను వ్యాపారం పేరున ఉన్న ఖాతాలోకి మార్పించి, ట్రాన్స్‌ఫర్ లాక్, రెండంచెల ధ్రువీకరణ పెట్టించారు. డెవలపర్‌తో సంబంధాలు బాగున్నప్పుడే ఈ పని పూర్తిచేసుకోవాలి.

కాపీరైట్ నమోదు అవసరమా

1886 నాటి బెర్న్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాల్లో కాపీరైట్ పుట్టడానికి నమోదు, గుర్తు, రుసుము ఏదీ అక్కర్లేదు. రాసిన మరుక్షణం వచ్చేస్తుంది. అయినా నమోదు ఉపయోగం దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో మొదలైన రచన మీద అక్కడ దావా వేయాలంటే నమోదు ఉండాలి. దరఖాస్తు పెడితే చాలదు, కార్యాలయం నిర్ణయం వచ్చి ఉండాలని 2019లో సుప్రీంకోర్టు ఫోర్త్ ఎస్టేట్ కేసులో తేల్చింది. పైగా ఉల్లంఘనకు ముందు గానీ, ప్రచురించిన మూడు నెలల్లోపు గానీ నమోదు కాకపోతే చట్టం నిర్ణయించిన పరిహారం, వకీలు ఖర్చులు అడగలేరు. భారత్‌లో నమోదు ఐచ్ఛికమే, సర్టిఫికెట్ ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. అయితే లోగో వంటి, సరుకుల మీద వాడదగిన కళాకృతిని కాపీరైట్ కింద నమోదు చేయాలంటే, దాన్ని పోలిన ట్రేడ్‌మార్క్ లేదని ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫికెట్ ముందు తేవాలి. లోగో కాపీరైట్ దరఖాస్తులు ఆగిపోయేది చాలావరకు ఇక్కడే.

"వెబ్‌సైట్" అని మొత్తంగా ఒక దరఖాస్తు పెట్టడం వల్ల పెద్దగా లాభం లేదు. నమోదు ఆ రోజు అందించిన ప్రతి వరకే. వచ్చే నెల చేర్చిన పేజీలు అందులోకి రావు. ఈ వ్యాపారానికి విలువున్నవి ఫొటోలు, వర్ణనలు. అవే విడిగా నమోదుకు వెళ్లాయి. అమెరికాలో ఒకే వ్యక్తి తీసి, ఒకే క్యాలెండర్ ఏడాదిలో ప్రచురించిన ఫొటోలను 750 దాకా ఒకే దరఖాస్తులో పెట్టొచ్చు. స్టాక్ ఫొటోలు, తయారీదారు వివరాలు, థీమ్ కోడ్ మావి కావని దరఖాస్తులోనే మినహాయించారు. మినహాయించకుండా అన్నీ తనవేనని రాస్తే తర్వాత ఆ సర్టిఫికెట్‌నే సవాలు చేస్తారు.

ట్రేడ్‌మార్క్: ముందు పేరు, తర్వాత బొమ్మ

కాపీరైట్ పేరును కాపాడదు. రెండు మూడు మాటల పేరు ఎంత అందంగా ఉన్నా అది ట్రేడ్‌మార్క్ పనే.

దరఖాస్తుకు ముందు వెతుకులాట. అచ్చం అదే పేరు ఉందా అని చూసి సరిపెట్టుకోకూడదు. ఉచ్చారణలో దగ్గరగా ఉన్నవి, అక్షరాలు అటూ ఇటూ అయినవి, అర్థంలో ఒకటైనవి చూడాలి. బొమ్మలకు వియన్నా వర్గీకరణ సంకేతాలుంటాయి, పక్షులకు ఒక గుంపు ఉంది, ఆ సంకేతంతో వెతికితే పేరు వేరైనా బొమ్మ కలిసేవి బయటికొస్తాయి. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వైపో వారి గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో బొమ్మ ఎక్కించి వెతకొచ్చు, ఖర్చు లేదు. ఇంకా నమోదు చేయని, కానీ వాడుకలో ఉన్న పేర్ల కోసం మామూలు వెబ్, యాప్ స్టోర్లు, సోషల్ మీడియా ఖాతాలు కూడా చూడాలి. ముందుగా వాడినవాళ్లకు హక్కిచ్చే దేశాల్లో ఇవే తర్వాత అడ్డుపడతాయి.

చాలామంది పేరు, బొమ్మ కలిపి ఒకే దరఖాస్తు పెట్టి ఖర్చు తగ్గిందనుకుంటారు. కొన్నేళ్లకు లోగో మారుతుంది, నమోదైన రూపం వాడుకలో ఉండదు, నమోదు వాడకం లేని కారణంగా రద్దుకు తెరుచుకుంటుంది. నమోదైన మార్కులో గుర్తించదగ్గ మార్పు చేయనివ్వరు, కొత్త దరఖాస్తే దారి. పేరుకు మాత్రమే విడిగా వర్డ్ మార్క్ తీసుకుంటే ఏ ఫాంట్‌లో రాసినా, ఏ బొమ్మ పక్కన పెట్టినా పేరుకు రక్షణ ఉంటుంది. ఇక్కడ పక్షి ఎలాగూ పోయింది కాబట్టి వాదన అక్కర్లేకపోయింది: వర్డ్ మార్క్ వెంటనే, కొత్త లోగో గీసి స్థిరపడ్డాక బొమ్మకు డివైస్ మార్క్. రంగుల విషయంలో భారత్‌లో, అమెరికాలో రంగు పరిమితి లేకుండా నమోదు చేస్తే అన్ని రంగులకూ వర్తిస్తుంది. ఐరోపా యూనియన్‌లో నలుపు తెలుపు దరఖాస్తు అన్ని రంగులనూ కప్పుతుందని అనుకోవడానికి వీల్లేదు.

తరగతులు ఎంచుకోవడంలో ఒక పొరపాటు విసుగొచ్చేంతగా కనిపిస్తుంది. ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను, సేవలను విభజించే నీస్ వర్గీకరణలో 45 తరగతులున్నాయి, 1 నుంచి 34 సరుకులకు, 35 నుంచి 45 సేవలకు. "మాకు వెబ్‌సైట్ ఉంది" అని 42వ తరగతిలో దరఖాస్తు పెడతారు. 42 ఇతరులకు సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లది. సంచులు అమ్మడానికి సైట్ ఒక కిటికీ మాత్రమే. ఈ వ్యాపారానికి కావాల్సింది 18 సంచులకు, 9 ల్యాప్‌టాప్‌కు సరిపడేలా చేసిన సంచులకు, 35 ఆన్‌లైన్ చిల్లర అమ్మకానికి, 37 మరమ్మతుకు. 9వ తరగతి పేరు చూస్తే ఎలక్ట్రానిక్స్‌ది అనిపిస్తుంది, అందుకే సంచుల వ్యాపారులు దాన్ని వదిలేస్తారు. అలాగని తరగతి శీర్షిక మొత్తం ఎత్తిరాయకూడదు. గొడుగులు, గుర్రపు జీను ఎప్పుడూ అమ్మని వ్యాపారానికి ఆ సరుకుల మీద నమోదు నిలవదు, వాటి కోసం వేరేవాళ్లు అభ్యంతరం పెట్టే అవకాశం మాత్రం వస్తుంది.

వాడకం మొదలైన తేదీ అడిగే చోట నిజం రాయాలి, రుజువు జతచేయాలి. తొలి బిల్లు, తొలి ప్రకటన, వేబ్యాక్‌లో ఆ పేరున్న తొలి పేజీ. ఆ తేదీని అబద్ధంగా ఒక్కరోజు వెనక్కి జరిపినా తర్వాత ప్రతివాది దాన్నే పట్టుకుంటాడు.

దరఖాస్తు తేదీ నుంచి 6 నెలల్లోపు వేరే దేశాల్లో దరఖాస్తు చేస్తే, 1883 నాటి పారిస్ ఒప్పందం కింద మొదటి తేదీనే అక్కడా లెక్కిస్తారు. చైనా వంటి, ముందు దరఖాస్తు పెట్టినవాళ్లకే ప్రాధాన్యమిచ్చే దేశాల్లో సరుకు తయారవుతుంటే ఈ 6 నెలలు వదులుకోకూడదు. మాడ్రిడ్ విధానంలో ఒకే దరఖాస్తుతో అనేక దేశాలు ఎంచుకోవచ్చు. కాకపోతే మొదటి 5 ఏళ్లు అంతా సొంత దేశపు దరఖాస్తు మీదే ఆధారపడి ఉంటుంది. అది పడిపోతే అన్నీ పడిపోతాయి. సొంత దేశంలో అభ్యంతరం వచ్చే సూచనలు ఉంటే ముఖ్యమైన దేశాల్లో నేరుగా దరఖాస్తు పెట్టడం మేలు.

పరీక్ష దాటి ప్రచురణ అయ్యాక ఇతరుల అభ్యంతరాలకు గడువుంటుంది: భారత్‌లో 4 నెలలు, ఐరోపా యూనియన్‌లో 3 నెలలు, అమెరికాలో 30 రోజులు. ఈలోగా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. వృత్తంలో ఆర్ గుర్తు మాత్రం నమోదయ్యాకే, నమోదైన దేశంలోనే. ముందే వేసుకోవడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం.

తొలగింపు నోటీసులు

ట్రేడ్‌మార్క్ రావడానికి నెలలు పడుతుంది. నకలు సైట్ అన్నాళ్లు నడవనక్కర్లేదు, ఎందుకంటే కాపీరైట్ చేతిలో ఉంది. సైట్ యజమాని ఎవరో తెలియకపోయినా సైట్ ఫైళ్లను తన సర్వర్లలో ఉంచే హోస్టింగ్ సంస్థ ఎవరో తెలుసుకోవచ్చు. హోస్ట్‌కు ముందు నిలబడి పేజీలను వేగంగా అందించే సీడీఎన్ సంస్థ కనిపిస్తే దానికే ఫిర్యాదు పెట్టి అసలు హోస్ట్ వివరం అడగాలి, సీడీఎన్ తన దగ్గర లేని ఫైళ్లను తొలగించలేదు.

డీఎంసీఏ నోటీసులో ఉండాల్సినవి: సంతకం, ఏ రచన కాపీ అయిందో, కాపీ ఏ చిరునామాలో ఉందో, సంప్రదింపు వివరాలు, ఆ వాడకానికి అనుమతి లేదని సదుద్దేశంతో నమ్ముతున్నామన్న ప్రకటన, వివరాలు సరైనవన్న ప్రకటన, హక్కుదారు తరఫున చర్య తీసుకునే అధికారం ఉందని అబద్ధ సాక్ష్యపు శిక్షకు లోబడి చేసే ప్రకటన. నోటీసులు ఎక్కువగా తిరిగివచ్చేది చిరునామాల దగ్గరే. "సైట్ మొత్తం మాదే" అని హోమ్ పేజీ చిరునామా ఒక్కటే ఇస్తే హోస్ట్ పక్కన పడేస్తుంది. ఈ కేసులో ఒక పట్టిక తయారైంది: ఎడమ గడిలో అసలు ఫొటో చిరునామా, కుడి గడిలో నకలు చిరునామా, పక్కన ముడి ఫైలు తేదీ. ఉద్యోగి తీసిన ఫొటోలు, ఉద్యోగులు రాసిన వర్ణనలు, అసైన్‌మెంట్ పూర్తయిన ఫొటోగ్రాఫర్ పనులు మాత్రమే అందులోకి వెళ్లాయి. స్టాక్ ఫొటో ఒక్కటి కూడా లేదు. పక్షి లేదు. పేరు ప్రస్తావన కూడా లేదు, ఎందుకంటే డీఎంసీఏ ట్రేడ్‌మార్క్‌కు వర్తించదు. రెండూ కలిపి రాసిన నోటీసు రెండు విభాగాల మధ్య నలుగుతుంది.

అవతలివాళ్లు ప్రతినోటీసు ఇస్తే, ఫిర్యాదుదారు దావా వేయనంతవరకు, 10 నుంచి 14 పనిదినాల్లో హోస్ట్ ఆ ఫైళ్లను తిరిగి పెట్టేయాలి. కాబట్టి నోటీసు పంపే రోజుకే దావాకు వెళతారా లేదా అన్నది తేల్చుకుని ఉండాలి. భారత్‌లో 2013 కాపీరైట్ నియమాల్లో 75వ నియమం ఇంకో లెక్క చెబుతుంది: ఫిర్యాదు అందిన 36 గంటల్లో మధ్యవర్తి సంస్థ (హోస్ట్ వంటిది) అందుబాటు ఆపాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే మళ్లీ తెరవొచ్చు. డీఎంసీఏ కింద ప్రతినోటీసు ఇవ్వాలంటే పేరు, చిరునామా బయటపెట్టాలి, కోర్టు పరిధికి ఒప్పుకోవాలి. సరుకు పంపకుండా డబ్బు తీసుకునే సైట్లు ఆ పని సాధారణంగా చేయవు. ఇక్కడా చేయలేదు. హోస్ట్ పేజీలు తీసేసింది, కొత్త హోస్ట్‌కు మారితే అదే పట్టిక, చిరునామాలు మార్చి, మళ్లీ వెళ్లింది. సెర్చ్ ఇంజిన్‌కు పెట్టిన ఫిర్యాదుతో ఆ పేజీలు ఫలితాల నుంచి పోయాయి. అన్నిటికన్నా గట్టిగా పనిచేసింది మాత్రం చెల్లింపుల సంస్థకు వెళ్లిన ఫిర్యాదు. సరుకు అందని కొనుగోలుదారుల రాతలు జతచేయడంతో ఆ ఖాతా నిలిచిపోయింది.

డొమైన్

అడ్డగీత ఉన్న డొమైన్ ఖాళీగా ఉన్నా ముప్పే. డాట్ కామ్ వంటి వాటికి 1999 నుంచి, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐక్యాన్ (ICANN) సంస్థ వారి యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానం ఉంది. మూడు విషయాలు రుజువు కావాలి, మూడూ కావాలి: ఫిర్యాదుదారుకు హక్కున్న మార్కుతో డొమైన్ కలిసిపోయేలా ఉండటం, అవతలివాళ్లకు దాని మీద న్యాయమైన ఆసక్తి లేకపోవడం, దురుద్దేశంతో నమోదు చేసి దురుద్దేశంతో వాడటం. ప్రతివాదికి 20 రోజులు గడువు. గెలిస్తే డొమైన్ బదిలీ లేదా రద్దు, అంతే. నష్టపరిహారం ఉండదు.

మొదటి అంశమే ఇక్కడ చిక్కు. పెండింగ్‌లో ఉన్న దరఖాస్తు సాధారణంగా మార్కు హక్కుగా లెక్కకు రాదు. నమోదు కాని మార్కు అయితే ఆ పేరు చెబితే జనానికి ఈ వ్యాపారమే గుర్తొస్తుందని చూపాలి. నాలుగేళ్ల అమ్మకాల లెక్కలు, ప్రకటనల ఖర్చు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, సోషల్ మీడియా అనుచరులు, పొరబడి అసలు వ్యాపారానికి వచ్చిన ఫిర్యాదులు దీనికి పనికొచ్చాయి. పేరు మామూలు వర్ణనాపదం అయితే ఈ దారి దాదాపు మూసుకుపోయేది. "మంచి సంచులు" అన్న తరహా పేర్లు పెట్టుకున్నవాళ్లకు ట్రేడ్‌మార్క్ పరీక్షలోనూ ఇదే గోడ. దురుద్దేశానికి కాపీ అయిన ఫొటోల పట్టికే మళ్లీ సాక్ష్యమైంది. అసలు వ్యాపారం మొదలైన చాలాకాలానికి ఆ డొమైన్ నమోదైందన్నది రికార్డులోనే ఉంది. తేదీలు తిరగబడి, డొమైన్ ముందు, మార్కు తర్వాత అయి ఉంటే దురుద్దేశంతో నమోదు చేశారన్న వాదన సాధారణంగా నిలవదు. ఫిర్యాదు విన్న యూడీఆర్‌పీ ప్యానెల్ బదిలీకి ఆదేశించింది. ఓడినవాళ్లు కోర్టుకు వెళ్లడానికి 10 పనిదినాలు ఆగి, రిజిస్ట్రార్ డొమైన్‌ను వ్యాపారం ఖాతాలోకి మార్చింది.

ఫైలులో ఇంకా తెరిచి ఉన్నవి రెండు. ఒకటి, కొత్త లోగో డివైస్ మార్క్ దరఖాస్తు పరీక్షలో ఉంది. పాత పక్షి ఉన్న ప్యాకింగ్ సరుకు అయిపోయే దాకా వాడుకోవచ్చా అన్నది ఐకాన్ కట్ట లైసెన్స్ చదివాకే తేలింది: అలంకారంగా వాడొచ్చు, మార్కుగా వాడకూడదు. పక్షి పేరుతో కలిసి, పక్కన టీఎం గుర్తుతో ముద్రించి ఉంది కాబట్టి ఆ పెట్టెలు పక్కన పెట్టేశారు. క్యాలెండర్‌లో వర్డ్ మార్క్ పదేళ్ల నవీకరణతో పాటు ఇంకో రెండు గడువులు చేరాయి. అమెరికాలో నమోదయ్యాక 5, 6 ఏళ్ల మధ్య వాడకం ప్రకటన దాఖలు చేయాలి, చేయకపోతే నమోదు పోతుంది. ఐరోపాలో వరసగా 5 ఏళ్లు వాడని సరుకుల మీద రద్దు కోరవచ్చు కాబట్టి, మరమ్మతు సేవ అక్కడ నిజంగా మొదలుపెడతారా లేక 37వ తరగతిని అక్కడి దరఖాస్తు నుంచి తీసేయాలా అన్నది యజమాని చెప్పాల్సి ఉంది. తెరిచి ఉన్న రెండోది ఇదే.